బకెట్ల ఊరేగింపు

సెప్టెంబరు 3

ఇవాళ కూడా తగలబెట్టారు.

పొద్దున్న మెస్ మూసేయగానే మొదలు. మా కిటికీ కిందే, ప్రహరీగోడకి ఆనించి ఒకే కుప్ప. ప్లేట్లలో మిగిలిన తిండి, ప్లాస్టిక్ కవర్లు, అట్టపెట్టెలు, చెట్లకింద ఊడ్చిన ఆకులు, అన్నీ అందులోనే. తడిసిన చెత్తకి నిప్పు పెడితే మంట ఎక్కడొస్తుంది, పొగే వస్తుంది. ఆ పొగకి మా గది అడ్రసు బాగా తెలుసు.

నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి నా రూమ్మేట్ పిచ్చుక నేలమీద కూర్చుని, మంచం కోడు పట్టుకుని, ఊపిరి కోసం కొట్టుకుంటోంది. చేతిలో ఇన్‌హేలర్ ఉంది. ఖాళీ.

ఆ పేరు నేనే పెట్టాను. మొదటిరోజు తనకంటే పెద్ద పెట్టెని ఈడ్చుకుంటూ గదిలోకొచ్చి, "కిటికీ పక్క మంచం నాకిస్తావా? నాకు గాలి కావాలి" అంది. ఇచ్చాను. గాలి కావాలంది పాపం.

వీపుమీద వేసుకుని మెట్లు దిగాను. యూనివర్సిటీ ఆస్పత్రిలో మాస్క్ పెట్టి మందు పట్టించారు. "పొగ దగ్గరికి వెళ్ళకూడదమ్మా" అంది డాక్టరు. "మేం వెళ్ళట్లేదు డాక్టర్, అదే వస్తోంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు.

వార్డెన్ మేడమ్‌కి చెప్పాను. కిటికీ మూసుకోండి అంది.

సెప్టెంబరు 4

కిటికీ మూసుకోండట.

సెప్టెంబరు 7, ఆదివారం

బాబాయి వాళ్ళింట్లో భోజనం. బాబాయి ఉద్యోగం ఇదే యూనివర్సిటీలో, ఎస్టేట్ సెక్షన్. నీళ్ళు, కరెంటు, తాళాలు, చెత్త, అన్నీ ఆ సెక్షన్‌వే. అంటే నా రూమ్మేట్‌ని ఆస్పత్రి పాలు చేసిన పొగ ఆఫీసు లెక్కప్రకారం మా బాబాయిది. ఆ మాటే అన్నాను. పిన్ని వడ్డిస్తున్న గరిటె ఆపేసింది. బాబాయి నీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగాడు.

"అమ్మలూ, నాకు మాత్రం సరదానా? ఊరి చెత్త బండి మన గేటు దాకా వస్తుంది. తడీ పొడీ కలిసిపోయి ఉంటే వాళ్ళు ముట్టుకోరు, వెనక్కి పోతారు. మరి అదంతా నెత్తిన పెట్టుకోమంటావా?"

"విడదీస్తే తీసుకెళ్తారా?"

"పొడిది తీసుకెళ్తారు. తడిది మనమే చూసుకోవాలి. ఎవడు విడదీస్తాడే, అన్ని వందలమంది ఎంగిలి?"

"నేను."

బాబాయి పెద్దగా నవ్వాడు. చిన్నప్పుడు నేను పైలట్ అవుతానంటే కూడా ఇలాగే నవ్వాడు. మంచి మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. ఆఫీసులో ఆయన గొంతు పక్క కుర్చీ దాకా కూడా వినబడదట, పిన్ని చెప్పింది.

సెప్టెంబరు 11

మెస్ గుమ్మం దగ్గర రెండు బకెట్లు పెట్టాం. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి. వంట మాస్టారు పాత నూనె డబ్బాలు కోసిచ్చాడు, పిచ్చుక రంగులేసింది. చెత్తబుట్టమీద ఇంత అందమైన అక్షరాలు ఎవరూ రాసుండరు.

ఫలితం: తడిదాంట్లో టిష్యూ పేపర్లు, పెరుగు కప్పులు, ఒక చెప్పు. పొడిదాంట్లో కూర.

ఒక్క చెప్పే. రెండోది ఎక్కడుందో?

సెప్టెంబరు 12

బకెట్ల పక్కన నేనే నిలబడ్డాను. ప్లేటు తెచ్చిన ప్రతి పిల్లకీ, "ఇది ఇటు, అది అటు." ఒకళ్ళు వినలేదు, ఒకళ్ళు విని కూడా కావాలనే తప్పు వేశారు, ఒకళ్ళు "చెత్త మంత్రిగారూ నమస్కారం" అన్నారు. నమస్కారం పెట్టినవాళ్ళు మాత్రం సరిగ్గా వేశారు. పదవి ఉంటే పని అవుతుంది.

సెప్టెంబరు 16

హాస్టల్ వెనకాల గొయ్యి తవ్వాం. నేను, పిచ్చుక, పై అంతస్తు లాయరు (చదివేది లా కాదు, చరిత్ర. కానీ నోరు అలాంటిది). పిచ్చుకని తవ్వనివ్వలేదు, అజమాయిషీ చెయ్యమన్నాం. దానికా పని మహా బాగా వచ్చు.

చేతులు పొక్కాయి. పెన్ను పట్టుకుంటే మండుతోంది. ఇంతకంటే రాయను.

సెప్టెంబరు 20

కంపు. చెప్పనలవి కాని కంపు. పురుగులు. కింది అంతస్తు వాళ్ళందరూ కట్టగట్టుకుని వచ్చి వార్డెన్ గది ముందు నిలబడ్డారు. "పొగే నయం" అన్నారు ఎవరో. ఆ మాట అన్నప్పుడు పిచ్చుక అక్కడే ఉంది.

నాకేం అనిపించలేదు. కొంచెం తల నొప్పి, అంతే.

సెప్టెంబరు 21, ఆదివారం

వృక్షశాస్త్రం డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడమ్ ఉంది. ఎవరితోనూ పొసగదని ఆవిడకి ఆ చివర పాత తోట అప్పగించి వదిలేశారట. మేం మొక్కల మేడమ్ అంటాం. భయపడుతూనే వెళ్ళి మా గొయ్యి సంగతి చెప్పాను.

"ఎండుటాకులు వేశారా?"

"లేదు మేడమ్."

"తడిమీద తడి వేసుకుంటూ పోయారన్నమాట. అది ఎరువు కాదు, పచ్చడి కూడా కాదు. తడి ఒక పొర, ఆకులు రెండు పొరలు. మధ్యమధ్యలో తిరగెయ్యండి, గాలాడాలి. ఇంక వెళ్ళండి, నాకు పనుంది."

ఆకులు! రోజూ కుప్పలు పోసి తగలబెడుతున్నది అవే కదా. దొంగ మా ఇంట్లోనే ఉంటే ఊరంతా వెతికాం.

సెప్టెంబరు 29

రాయడానికి తీరిక లేదు. కంపు పోయింది! లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, ఏదో బతికున్న జంతువు ఒళ్ళులాగా. మొన్న కట్టగట్టుకుని వచ్చిన కింది అంతస్తువాళ్ళే వంతులేసుకుని తిరగేస్తున్నారు. పొడి చెత్తని ఊరి బండి తీసుకెళ్ళింది. బండతను నీలం బకెట్‌లోకి వంగి చూసి, ఏదో మోసం ఉన్నట్టు మావైపు చూసి, ఎత్తుకెళ్ళాడు.

తగలబెట్టడానికి ఏమీ మిగల్లేదు. వారమంతా కిటికీ తెరిచే ఉంది. పిచ్చుక పడుకుని పాటలు పాడుతోంది. గొంతు దరిద్రంగా ఉంది. పాడనీ.

అక్టోబరు 6

నోటీసు బోర్డులో సర్క్యులర్. ఈ నెలలో కమిటీ వస్తోందట. పచ్చదనం, పరిశుభ్రత చూసి యూనివర్సిటీకి ఏదో గుర్తింపు ఇస్తారట. లాయరు ఎగిరి గంతేసింది, "మన గొయ్యి చూపిద్దామే!"

నేనూ అదే అనుకున్నాను. జుట్టు దువ్వుకోవాలి అని కూడా అనుకున్నాను.

అక్టోబరు 7

రిజిస్ట్రార్ వచ్చాడు. ఆయన చొక్కా మీద ఈగ వాలినా జారిపోతుంది. అందుకే ఇస్త్రీపెట్టె అంటాం. వెనకాల వార్డెన్, ఆమె వెనకాల ఫైలు పట్టుకుని బాబాయి. రిజిస్ట్రార్ గొయ్యి దగ్గర ఆగి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కంపు లేదు. అయినా పెట్టుకున్నాడు.

"ఏంటీ దరిద్రం?"

"ఎరువు సార్. మెస్‌లో మిగిలిందంతా..."

"కమిటీ వాళ్ళకి హాస్టల్ వెనక ఎంగిళ్ళ గొయ్యి చూపించమంటావా? పూడ్చెయ్యండి. ఇక్కడ పూలకుండీలు పెట్టిద్దాం. అద్దెకి దొరుకుతాయి."

"మరి ఎంగిళ్ళు సార్?"

"అది నీకెందుకమ్మా? చదువుకో."

బాబాయి ఫైలులో ఏదో రాసుకున్నాడు. తల ఎత్తలేదు.

అక్టోబరు 8

పొక్లెయిన్ వచ్చింది. పక్కన బాబాయి. నేను గొయ్యి ముందు నిలబడ్డాను, లాయరు కూడా. పొక్లెయిన్ నడిపే అతను ఇంజను ఆపి బీడీ వెలిగించుకున్నాడు, తొందరేం లేదన్నట్టు.

బాబాయి దగ్గరికొచ్చి చిన్నగా అన్నాడు. "అమ్మలూ, ఆర్డరు నాది కాదు. అమలు చెయ్యకపోతే మెమో మాత్రం నాకే వస్తుంది. పిల్లలు చూస్తున్నారు, నా పరువు తియ్యకు."

నేను తప్పుకున్నాను అని లాయరు అంటోంది. నేను తప్పుకోలేదు. దుమ్ము కళ్ళలో పడింది, కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాను. వచ్చేసరికి పూడ్చేశారు.

బాబాయి మీద నాకు కోపమేం లేదు. ఉద్యోగం కదా.

అక్టోబరు 9

పూలకుండీలు వచ్చాయి. వాటి వెనకాల, గోడ దగ్గర, మళ్ళీ కుప్ప. మళ్ళీ నిప్పు. పూలమీద మసి.

అక్టోబరు 10

పిచ్చుకకి మళ్ళీ వచ్చింది. ఈసారి ఊళ్ళో ఆస్పత్రిలో చేర్చారు. వాళ్ళ నాన్న వచ్చాడు, బస్సు డ్రైవరు, యూనిఫామ్‌లోనే వచ్చేశాడు. గదంతా చూశాడు, కిటికీ చూశాడు, కిందికి చూశాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. దాని బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుకున్నాడు.

"చదువు ఎక్కడైనా చదువుకోవచ్చమ్మా. ఊపిరి ఇంకోచోట దొరకదు కదా" అన్నాడు.

పెట్టె నేను మోస్తానంటే వద్దన్నాడు.

అక్టోబరు 11

పిచ్చుక మంచం మీద నా పుస్తకాలు పెట్టుకున్నాను. గది విశాలంగా ఉంది. చోటు బాగా కలిసొచ్చింది.

అక్టోబరు 12, ఆదివారం

చోటు బాగా కలిసొచ్చింది.

బాబాయి వాళ్ళింటికి వెళ్ళలేదు. ఆకలి లేదు. మధ్యాహ్నం మొక్కల మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొత్తం విని మొక్కలకి నీళ్ళు పోస్తూనే ఉంది. చివరికి, "నా తోటలో చోటుంది. ఇక్కడ నేనేం పాతిపెట్టినా అడిగేవాడు లేడు. కావాలంటే ఆ రిజిస్ట్రార్‌ని కూడా తీసుకురండి" అంది. ఆవిడ జోకు వేసిందని గేటు దాకా వచ్చాక తెలిసింది.

తోట క్యాంపస్‌కి ఆ చివర. మా హాస్టల్ ఈ చివర. మధ్యలో ఉన్నది ఒక్కటే దారి, పెద్ద రోడ్డు. అది పరిపాలనా భవనం మెట్లకింద నుంచే పోతుంది.

మోస్తాం. ఏమవుతుంది?

అక్టోబరు 13

ముగ్గురం. మూడు బకెట్లు. భుజాలు లాగేశాయి. తరగతులకి వెళ్ళేవాళ్ళంతా పక్కకి జరిగి దారిచ్చారు, మర్యాద వల్ల కాదు, భయం వల్ల. మధ్యలో ఒకసారి ఒలికింది కూడా. వంగి చేత్తో ఎత్తి మళ్ళీ బకెట్లో వేశాను. అందరూ చూస్తూనే ఉన్నారు. చూడనీ!

అక్టోబరు 15

ఇవాళ చాలామంది. కింది అంతస్తు మొత్తం. మగపిల్లల హాస్టల్ నుంచి ఒక జట్టు, వాళ్ళ మెస్ చెత్త పట్టుకుని. ఆ బకెట్లకి మూతల్లేవు, బుద్ధీ లేదు, కానీ వచ్చారు. వరసగా నడుస్తుంటే పెద్ద రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా బకెట్లే.

పరిపాలనా భవనం దగ్గర సెక్యూరిటీ అన్న ఆపాడు.

"ఊరేగింపుకి పర్మిషన్ ఉందా?"

"ఊరేగింపు కాదన్నా. చెత్త పారేయడానికి వెళ్తున్నాం."

"ఇంతమందా?"

"చెత్త అంత ఉంది మరి."

ఆయన ఆలోచించాడు. చెత్త పారేయకూడదని రూలు లేదు. నినాదాలివ్వకూడదని ఉంది. మేం ఇవ్వలేదు. ప్లకార్డులు పట్టుకోకూడదని ఉంది. మా చేతులు ఖాళీగా లేవు. "సరే పొండి, తొందరగా పొండి, వాసన" అన్నాడు.

పైన బాల్కనీలో ఇస్త్రీపెట్టె నిలబడ్డాడు. రుమాలు అంత ఎత్తున కూడా ముక్కుకే ఉంది.

అక్టోబరు 16

అమ్మ ఫోన్. ఎవరో చెప్పారట. "చదువుకోమని పంపానే, చెత్త మొయ్యమని కాదు" అంది. "రెండూ చేస్తున్నా" అన్నాను. నిన్నటి పరీక్ష ఎలా రాశావంది. సిగ్నల్ సరిగ్గా లేదన్నాను.

సిగ్నల్ బాగానే ఉంది.

అక్టోబరు 17

రిజిస్ట్రార్ పిలిపించాడు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. టీ తెప్పించారంటే భయపడాలని లాయరు ముందే చెప్పింది. పక్కన బాబాయి, నిలబడి.

"నీలాంటి పిల్లలే కావాలమ్మా మాకు. నిన్ను పచ్చదనం ప్రతినిధిగా వేస్తున్నాను. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీలో నీ ఫోటో. చేతిలో మొక్క. ఒక్కటే చెయ్యాలి, కమిటీ వెళ్ళేదాకా ఆ బకెట్ల తమాషా ఆపండి."

"ఆపితే తగలబెట్టడం ఆపుతారా సార్?"

"అదీ ఇదీ కలపకు."

"నేను కలపట్లేదు సార్. కలిపితేనే కదా పొగ వస్తోంది."

టీ కప్పు కింద పెట్టేశాడు. గొంతు మారింది. హాస్టల్ సీటు క్రమశిక్షణ ఉన్నవాళ్ళకే అన్నాడు. నా సీటు ఎవరి సిఫారసు మీద వచ్చిందో తనకి తెలుసన్నాడు. బాబాయి వైపు చూశాడు. బాబాయి నేలవైపు చూశాడు.

"నా ఫోటో బాగా రాదు సార్" అని లేచి వచ్చేశాను.

బయటికి వచ్చాక మెట్ల మధ్యలో కూర్చున్నాను. మెట్లు ఎక్కువ ఉన్నాయి ఆ భవనానికి, అందుకే. బాబాయి ఒక్క మాటన్నా అనలేదు. అనాలని నేను అనుకోలేదు. నాకేం కోపం లేదు.

అక్టోబరు 18

కోపం లేదు.

అక్టోబరు 19, ఆదివారం

వెళ్ళలేదని పిన్నే వచ్చింది, క్యారియర్ పట్టుకుని. సందర్శకుల గదిలో నా ముందు కూర్చుని, నేను తింటుంటే తిట్టింది. తిట్టడానికే తెచ్చిందేమో, ఉప్పు ఎక్కువైంది.

"ఏమే, మీ బాబాయి మూడు రోజుల్నించి సరిగ్గా నిద్రపోవట్లేదు. నువ్వు ఆగకపోతే ఆయన్ని నదికి అవతలి క్యాంపస్‌కి బదిలీ చేస్తామన్నారు. రోజూ బస్సులో పోయి రావాలి ఈ వయసులో. ఆ ముక్క నీకు చెప్పొద్దన్నాడు. నేను చెప్తున్నా."

ముద్ద గిన్నెలో పెట్టేశాను.

"ఆగమంటావా పిన్నీ?"

పిన్ని చాలాసేపు క్యారియర్ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టింది, తీసింది, పెట్టింది. "ఆ పిల్ల ఎలా ఉంది?" అంది.

"వాళ్ళూళ్ళోనే ఉంది. ఇంక రానివ్వరట."

"ఆగమని నేనెందుకంటానే" అంది పిన్ని. "తిను."

అక్టోబరు 21

రేపు కమిటీ. రేపు సెలవు అన్నారు. మధ్యాహ్నం దాకా ఎవరూ హాస్టల్ గేటు దాటకూడదట, భద్రతా కారణాలట. గేటుకి కొత్త తాళం వేశారు.

లాయరు అడిగింది, ఏం చేద్దాం? పొద్దున్న మెస్ ఉంటుంది, ఎంగిలి ఉంటుంది, బకెట్లు నిండుతాయి అన్నాను. మిగతాది రేపు చూద్దాం.

పిచ్చుక మంచం మీంచి పుస్తకాలు తీసేశాను. ఊరికే. దుమ్ము పడుతోందని.

అక్టోబరు 22

మొత్తం రాస్తాను, ఎంతసేపైనా సరే.

పొద్దున్న మెస్ కాగానే బకెట్లు పట్టుకుని గేటు దాకా వెళ్ళాం. తాళం. అలాగే నిలబడ్డాం, వరసగా, ఎవరి బకెట్ వాళ్ళ ముందు పెట్టుకుని. వార్డెన్ మేడమ్ వచ్చి లోపలికి పొమ్మంది. "గేటు లోపలే ఉన్నాం కదా మేడమ్" అంది లాయరు. ఎండెక్కింది. ఒకమ్మాయి కళ్ళు తిరిగి కూర్చుంది. నీళ్ళు తెచ్చుకున్నాం, ఎవరూ గదులకి పోలేదు.

కార్లు వచ్చాయి. ముందుది ఆగకుండా పోతోంది. రెండోది ఆగింది. అందులోంచి తెల్లజుట్టున్న ఒకావిడ దిగింది, కమిటీ పెద్ద ఆవిడే అని తర్వాత తెలిసింది. ముందు కారు ఆగి రిజిస్ట్రార్ పరుగున వచ్చాడు. పరుగెత్తినా చొక్కా నలగలేదు.

"ఏంటమ్మా ఇవి?" అని అడిగింది ఆవిడ ఊచల్లోంచి.

నేను రాత్రి నుంచి ఒక ప్రసంగం తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఎంగిలండీ. పొద్దుటిది. రోజూ మేమే మోసుకెళ్ళి ఆ చివర తోటలో ఎరువు చేస్తాం. ఇక్కడుంటే మా కిటికీల కింద తగలబెడతారు. నా రూమ్మేట్‌కి ఊపిరాడక చదువు మానేసి ఇంటికి పోయింది."

"చిన్నపిల్లలు మేడమ్, ఏదో ఉత్సాహం" అన్నాడు రిజిస్ట్రార్. "తోటలో టిఫిను ఏర్పాట్లు చేశాం, రండి."

"ఏ తోటలో? ఈ అమ్మాయి చెప్తున్న తోటలోనా?"

రిజిస్ట్రార్ కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"గేటెందుకు వేశారు?" అంది ఆవిడ.

"సెలవు కదా మేడమ్. తాళంచెవి వాచ్‌మన్ ఎక్కడ పెట్టాడో... వెతికిస్తున్నాం..."

అప్పుడు బాబాయి. కారు వెనకాల, డ్రైవరు పక్కన నిలబడ్డ బాబాయి. ఆయన అక్కడున్నట్టు నేను చూడనే లేదు. నడుచుకుంటూ ముందుకి వచ్చాడు.

"తాళంచెవి నా దగ్గరే ఉంది సార్" అన్నాడు.

ఆ గొంతు పక్క కుర్చీ దాకా కాదు, మా వరస చివరిదాకా వినబడింది.

రిజిస్ట్రార్ ఆయన పేరు పెట్టి పిలిచాడు, ఒక్కసారి, హెచ్చరికగా. బాబాయి వినిపించుకోలేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు. మొదటిసారి తాళంలోకి పోలేదు. రెండోసారి పోయింది. గేటు రెక్క నా వైపు తోస్తూ, నా మొహంలోకి చూడకుండానే, "నడవండమ్మా, ఎండగా ఉంది" అన్నాడు.

నడిచాం. ఆ తెల్లజుట్టావిడ కారెక్కలేదు. మా వెనకాలే తోట దాకా నడిచి వచ్చింది. మొక్కల మేడమ్ ఆవిణ్ణి చూసి, "చెప్పులు తడుస్తాయి, చూసి రండి" అంది, అంతే. ఆవిడ వంగి ఎరువు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసింది. తర్వాత మసి పట్టిన గోడ కూడా చూడాలంది.

నేనా గోడ దగ్గరికి వెళ్ళలేదు. తోటలో కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాను. ఈసారి దుమ్ము లేదు. ఏడ్చాను.

అక్టోబరు 27

గుర్తింపు రాలేదు. తగలబెట్టడం ఆపాలని, ఎంగిలిని ఎరువు చెయ్యాలని, అది అయ్యాకే మళ్ళీ వస్తామని కమిటీ రాసి పంపింది. నిప్పు ఆగింది. కుండీలు వెనక్కి పోయాయి.

బాబాయికి బదిలీ ఆర్డరు వచ్చింది. నదికి అవతల.

నాకు నోటీసు వచ్చింది. హాస్టల్ ఖాళీ చెయ్యాలి. క్షమాపణ రాసిస్తే ఆలోచిస్తారట. వార్డెన్ మేడమ్ కాగితం కూడా ఇచ్చింది, టైపు చేసి, కింద సంతకానికి గీత గీసి. పాపం ఆవిడ నిజంగానే బతిమాలింది, "ఒక్క సంతకమే కదా, పెట్టేసెయ్."

"మేడమ్, మీరు వెనకవైపు ఒకసారి చూసొచ్చారా? పొగ లేదు."

"చూశాను."

"దానికి నేను క్షమాపణ చెప్పాలా?"

ఆవిడ కాగితం వెనక్కి తీసుకుంది. మడతపెట్టింది. చించలేదు, కానీ నాకు మళ్ళీ ఇవ్వలేదు.

అక్టోబరు 30

సామాను పిన్ని వాళ్ళింటికి చేర్చాను. కుట్టుమిషన్ పక్కన మడతమంచం. కాళ్ళు చాపితే మిషన్ పెడల్‌కి తగులుతాయి. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

హాస్టల్ సీటు పోయినందుకు బాధేం లేదు.

కొంచెం ఉంది.

నవంబరు 2, ఆదివారం

బాబాయిని అడిగాను, అదే మొదటిసారి. "ఎందుకు తీశావు బాబాయ్?"

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమోనే అమ్మలూ. ఇన్నేళ్ళలో నేను వేసిన తాళాలే ఎక్కువ. తాళంచెవి దొరకట్లేదని ఆయన అంటుంటే జేబులో గుచ్చుకుంది."

"భయం వెయ్యలేదా?"

"ఇప్పటికీ వేస్తోంది" అన్నాడు.

నాకు కోపం ఉండేది బాబాయ్, చాలా ఉండేది, అని చెప్పాను. తెలుసులే అన్నాడు. పిన్ని వంటింట్లోంచి, "ఇద్దరూ నోరు మూసుకుని తినండి" అంది.

నవంబరు 4

పిచ్చుక ఫోన్ చేసింది! వస్తోంది. పొగ లేదని లాయరు ఫోటోలు పంపిందట, వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడట. "గదిలో నీ మంచం ఎవరికిచ్చారే?" అంది. ఎవరో మొదటి సంవత్సరం పిల్లకి అన్నాను. "నేర్పు దానికి, ఏది ఏ బకెట్లో వెయ్యాలో" అన్నాను.

నవంబరు 6

హాస్టల్ వెనక గొయ్యి తవ్వడానికి ఇంకా అనుమతి రాలేదు. ఫైలు కదులుతోందట. ఎటువైపో చెప్పలేదు. అందాకా మా నడక మామూలే.

ఇవాళ పొద్దున్న నేను హాస్టల్‌కి బయల్దేరుతుంటే బాబాయి బస్సుకి తయారై గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో భోజనం డబ్బా. రెండో చేతిలో వంటింటి బకెట్, తొక్కలూ పొట్టూ నిండా.

"ఇది నాకివ్వు బాబాయ్, నేను పట్టుకెళ్తా."

"బస్టాండుకి నా దారీ అదే కదా. పద."

హాస్టల్ గేటు దగ్గర మా వరసలో కలిశాం. పిచ్చుక ముందుంది, బకెట్ చిన్నది, అజమాయిషీ పెద్దది. ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ నడిచింది. ఎవరూ దాన్ని తొందరపెట్టలేదు. పిల్లలంతా బాబాయిని చూసి దారిచ్చారు, ఆయన వద్దని వరస మధ్యలోనే ఉన్నాడు.

పరిపాలనా భవనం దగ్గరికి వచ్చేసరికి రిజిస్ట్రార్ కారు దిగుతున్నాడు. తెల్ల చొక్కా. మమ్మల్ని చూశాడు. మాలో బాబాయిని చూశాడు. ఆయన దగ్గర అన్నేళ్ళు తలొంచుకుని ఫైలు మోసిన మనిషిని, బకెట్ మోస్తుండగా.

బాబాయి ఆగాడు. ఆయన బకెట్ కింద పెట్టి, భోజనం డబ్బా చంకలో ఇరికించుకుని, చెయ్యెత్తాడు.

"గుడ్ మార్నింగ్ సార్!"

రోడ్డంతా వినబడేలా అన్నాడు. మెట్లమీద గుమాస్తాలు ఆగిపోయారు. రిజిస్ట్రార్ చెయ్యి అలవాటు ప్రకారం పైకి లేచింది, సగంలో ఏం చెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయింది. వెనకాల పిల్లలు ఒక్కొక్కళ్ళే ఆయన ముందునుంచి నడుస్తూ, ఒక్కొక్కళ్ళే, "గుడ్ మార్నింగ్ సార్", "గుడ్ మార్నింగ్ సార్." నినాదాలు కావవి. పలకరింపులు. ఆయన చివరి బకెట్ దాటేదాకా అక్కడే నిలబడాల్సి వచ్చింది.

బాబాయి బస్సు తప్పిపోయింది. బస్టాండు బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, తర్వాతి బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆగకుండా నవ్వాం.